పూడిక తీసిన రోజు

మా ఊరు విడవలూరు దాటాక సముద్రం వైపు ఉండేది. చుట్టుపక్కల ఏ బావిలో చేద వేసినా ఉప్పునీళ్ళే. మా పెరటి బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు. అది తాతముత్తాతల పుణ్యమని మా అవ్వ నమ్మకం. "పెట్టి పుట్టినాం" అనేది. ఎవరికి పెట్టామో, ఏం పెట్టామో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మా కొట్టంలో పేడ తీసి పెరడు ఊడ్చే మనిషి హరిజనవాడ నుంచి వచ్చేది. మా అమ్మకంటే పెద్దది. అయినా పదేళ్ళ నేను ఆమెను పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆమె నన్ను అమ్మణ్ణీ అనేది. ఇంట్లో అందరూ "అది వచ్చిందా, అది పోయిందా" అనేవాళ్ళు. ఇప్పుడు ఆమె అని రాస్తున్నాను. ఇంత ఆలస్యంగా ఇచ్చే మర్యాద ఎవరికి కావాలి?

పని అయ్యాక ఆమె రెండు కుండలు పెట్టుకుని బావికి దూరంగా నిలబడేది. చేంతాడు తాకకూడదు, గట్టు ఎక్కకూడదు. ఎవరైనా తోడి పొయ్యాలి. బడి నుంచి రాగానే ఆ పని నేను చేసేదాన్ని. "అమ్మణ్ణిది చల్లని చెయ్యి" అని ఆమె అంటే పొంగిపోయేదాన్ని. పెద్ద దానకర్ణురాలినని నా ఉద్దేశం.

అరవైల్లో ఒక ఎండాకాలం మా బావి కూడా అడుగంటింది. బయటివాళ్ళకి చుక్క పొయ్యొద్దని అవ్వ చెప్పేసింది. సరిగ్గా అప్పుడే కొట్టంలో పనిచేసే ఆమె కూతురు పురిటికి వచ్చి కని ఉంది. వాడలోని ఉప్పునీళ్ళు పడక బాలింతకు ఒకటే విరేచనాలు. ఆమె వచ్చి మా నాయనను అడిగింది.

"నా బిడ్డ సొమ్మసిల్లి పడిపోతా ఉండాదయ్యా. రొండు కుండలు పోయించండి."

నాయన చెడ్డవాడు కాదు. చూడండి, ఇప్పటికీ నా నోటికి ముందు ఆ మాటే వస్తుంది.

"నీళ్ళు యాడుండాయి? ఊట మూసకపోయినాది. నీ మొగుణ్ణి దించు. పూడిక తీస్తే మీకూ నీళ్ళే గదా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె భర్త మోకు పట్టుకుని బావిలోకి దిగాడు. ఏడాది పొడుగునా గట్టు తాకకూడని మనిషి పూడిక తీసే రోజు మాత్రం ఏకంగా నీళ్ళలోకే దిగవచ్చు. ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోరు గనక ఆచారం అంతవరకూ చోటిచ్చింది. ఆయన మొలలోతు బురదలో నిలబడి తట్టలకెత్తుతుంటే పాలేళ్ళు పైకి లాగారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఊట తగిలింది.

పాలేళ్ళు బురద పారబొయ్యడానికి వెళ్ళినప్పుడు నేను గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి తొంగి చూశాను. గోడవార నుంచి సన్నగా తేటనీరు కారుతోంది. ఆయన అందులో చేతులు కడుక్కుని, దోసిలి పట్టి, నోటిదాకా తెచ్చుకున్నాడు. ఎందుకో తలెత్తి చూశాడు. పైన నేను కనపడ్డాను. వెంటనే వేళ్ళు విప్పేశాడు. నీళ్ళన్నీ జారిపోయాయి.

తాగమని నేను చెప్పి ఉండాల్సింది. కనీసం తల పక్కకి తిప్పుకుని ఉండాల్సింది. అంత పెద్ద మనిషి నన్ను చూసి భయపడ్డాడని తెలిసి నాకు కాస్త గొప్పగా అనిపించింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే రోత పుడుతుంది.

పైకి వచ్చి ఆయన కొట్టం నీడన కూలబడ్డాడు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. ఆమె ఖాళీ కుండలతో పక్కనే కూర్చుంది. నీళ్ళు అప్పుడే తోడడానికి లేదు. పూజారి వచ్చి పసుపునీళ్ళు చల్లి బావిని శుద్ధి చెయ్యాలి. పూజారేమో పొరుగూరు వెళ్ళాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మా ఇంట్లో అడుసు తొక్కింది ఒకరు, మేము కడుక్కున్నది బావిని.

"అవ్వా, కాగులో నీళ్ళు వాడికి పోసొస్తా" అన్నాను.

"కాగులో మనకే చాలవు. ఇంతసేపు ఉండినారు, ఇంకాసేపు ఉండలేరా?" అంది అవ్వ.

నేను అడిగిన మాట నిజమే. అవ్వ కాదన్నాక అదే కాగులో చెంబు ముంచుకుని గటగటా తాగిన మాట కూడా నిజమే.

పొద్దు వాటారాక పూజారి వచ్చాడు, శుద్ధి అయింది. ఇంట్లోకి కావలసినన్ని తోడుకున్నాక నన్ను పొయ్యమన్నారు. ముందు ఆమె భర్త వచ్చి వంగి దోసిలి పట్టాడు. గోళ్ళ సందుల్లో మా బావి బురద ఇంకా ఉంది. గుక్క తిప్పుకోకుండా తాగి, మూతి తుడుచుకుని భార్యతో అన్నాడు:

"తియ్యగుండాయి. బిడ్డకి బిన్నా తీసకపో, ఆలస్యం చెయ్యబాక."

కుండలు నిండాక ఆమె ఎప్పటిలాగే నాది చల్లని చెయ్యి అంది. చీకటి పడకముందే ఇద్దరూ చెరొక కుండ ఎత్తుకుని వాడవైపు వెళ్ళిపోయారు. ఆ నీళ్ళకు బాలింత తేరుకుంది.

ఆయనకు పోస్తున్నంతసేపూ నేను చేదను నా భుజం కంటే పైకి ఎత్తి పట్టుకున్నాను, ధార తప్ప ఇంకేదీ ఆ చేతులకు తగలకుండా. చేతులు నొప్పి పుట్టినా దించలేదు. అలా పట్టుకోమని ఆ రోజు నాకెవరూ చెప్పలేదు.