మూడు మైనపు చుక్కలు

హెర్మీనె వొండ్రాక్ చేతిలో పడితే ఎంత మొండి ఇనుమైనా చెప్పినమాట వినేది. మనుషులు మాత్రం వినేవారు కాదు, అది వేరే సంగతి. వియన్నాలో ఒట్టాక్రింగ్ పేటలో పుట్టింది. తండ్రి ట్రాముల షెడ్డులో మెకానిక్కు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మగవాళ్ళు కరువై పదహారేళ్ళ పిల్లను తెచ్చి ఇనుము చెక్కే లేతు యంత్రం ముందు నిలబెట్టారు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన మగవాళ్ళు "ఇక ఇంటికెళ్ళమ్మా" అంటే, "మీరు వెళ్ళండి, నాకు పనుంది" అంది. ఆ నోటి దురుసుతోనే రెండు ఫ్యాక్టరీలు మారి, చివరికి ప్రాటర్ తోట పక్కన చిన్న అణు రియాక్టరు కడితే అక్కడి వర్క్‌షాపులో చేరింది.

పందొమ్మిది వందల డెబ్బై అయిదు చివర్లో ఆమెకు అప్పగించిన పని సిలికాన్ దిమ్మను కోయడం. అరచేయంత దిమ్మ, మొత్తం ఒకే స్ఫటికం. వజ్రపు పొడి అద్దిన రంపంతో నెలల తరబడి కోస్తే, ఒకే పీట మీద మూడు పల్చటి గోడలు నిలబడాలి. రియాక్టరు నుంచి వచ్చే న్యూట్రాను మొదటి గోడ దగ్గర రెండు దారులు చూస్తుంది, మూడో గోడ దగ్గర ఆ దారులు మళ్ళీ కలుస్తాయి. మధ్యలో ఒక అల్యూమినియం రేకును కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే, అవతల లెక్కకొచ్చే న్యూట్రాన్లు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరగాలి. అలా పెరిగి తగ్గాయంటే ఒక్కొక్క న్యూట్రానుకూ రెండు దారులతోనూ పని పడిందన్నమాట. పోనీ గుంపుగా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయా అంటే, అదీ కాదు. ఒకటి దాటి పోయేసరికి, తర్వాతది ఇంకా యురేనియం కడుపులోనే ఉంటుంది.

ఈ ప్రయోగం లాంబెర్ట్ ప్యోష్ల్ అనే కుర్రాడి డాక్టరేటు. ద్రాక్షతోటల ఊరివాడు. మంచివాడే గానీ చేతులూ కాళ్ళూ కుదురుగా ఉండవు. మరుసటి ఫిబ్రవరిలో కోటు చెయ్యి తగిలించి మొదటి స్ఫటికాన్ని కింద పడేశాడు. మూడు నెలల కష్టం నాలుగు ముక్కలైంది. వాడు అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు.

"లే బాబూ, లే. ఇంకోటి కోస్తాను. నువ్వు మాత్రం ఆ కోటు ఇంట్లో వదిలేసి రా" అంది హెర్మీనె.

మే నెలలో రెండోది సిద్ధమైంది. దాన్ని దేనితోనూ బిగించకూడదు, తన బరువు మీద తనే నిలబడాలి అని లాంబెర్ట్ ముందే చెప్పాడు. హెర్మీనె విని తల ఊపింది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఏ ముక్కనూ బిగించకుండా వదిలింది లేదు. బిగించకపోతే ఏమవుతుందో వేళ్ళు పోగొట్టుకున్న తోటి పనివాళ్ళను చూసి నేర్చుకుంది. చదువుకున్నవాళ్ళకు ఈ సంగతులేం తెలుస్తాయిలే అనుకుంది. వాడు అటు వెళ్ళగానే స్ఫటికం కింద మూడు చుక్కలు తేనెమైనం పెట్టి కూర్చోబెట్టింది. ఆ మాట వాడికి చెప్పలేదు. నీ చేతుల మీద నాకు నమ్మకం లేదని ఆ పిల్లాడి మొహం మీద ఎలా అంటుంది?

మూడు వారాలు గడిచాయి. అంకెలు పెరగవు, తగ్గవు. రేకును ఎంత తిప్పినా అవే అంకెలు, చదును చేసిన నేలలా. జూన్ చివర రియాక్టరు న్యూట్రాన్ల కిరణం ఇంకో బృందానికి పోతుంది, దాంతో లాంబెర్ట్ గడువూ తీరిపోతుంది.

సాయంత్రం నాలుగు గంటల కాఫీకి ప్రొఫెసరు నుంచి వర్క్‌షాపు దాకా అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అక్కడి అలవాటు. ఆ రోజూ అక్కడి పండితులిద్దరూ వాదన మొదలుపెట్టారు.

"మధ్యలో ఆ న్యూట్రాను ఏ దారిన పోయిందని అడగడమే తప్పు. మనం ఏం అమర్చాం, ఏం లెక్కపెట్టాం, అంతవరకే మాట్లాడాలి" అన్నారు ప్రొఫెసర్ జెలెన్కా.

"అది తప్పించుకోవడమండీ. లోకమే రెండవుతుంది. ఒకదాంట్లో ఈ దారి, ఇంకోదాంట్లో ఆ దారి. రెండూ నిజమే" అన్నాడు డాక్టర్ కైన్‌రాత్.

"రెండో లోకంలో ఉన్న నాకైనా మోకాళ్ళ నొప్పులు తగ్గాయా డాక్టరు గారూ?" అంది హెర్మీనె. బల్లంతా గొల్లుమంది.

లాంబెర్ట్ మాత్రం నవ్వలేదు. "నాకు ఇక్కడ ఒక లోకమే సరిగ్గా కనబడటం లేదు. నెలాఖరుకి మా ఊరు వెళ్ళిపోతాను. ఈ పని నాకు చేతకాదు" అన్నాడు కప్పులోకి చూస్తూ.

"స్ఫటికం స్వేచ్ఛగానే ఉందా? కింద వేలితో కొంచెం నొక్కినా చాలు, అణువుల వరుసలు తప్పి దారులు కలవవు" అన్నాడు కైన్‌రాత్.

"దాన్ని పెట్టింది హెర్మీనె గారు. ఆవిడ పెట్టినదాన్ని నేను అనుమానించను" అన్నాడు లాంబెర్ట్.

హెర్మీనెకు మైనం చుక్కలు గుర్తొచ్చాయి. కాఫీ కప్పు అక్కడే వదిలేసి లేచింది.

వర్క్‌షాపుకి వచ్చి లేతు ముందు ఊరికే నిలబడింది. పొద్దున్నే వెళ్ళి ఎవరూ చూడకుండా మైనం గీకేస్తే సరిపోతుంది. అంకెలు లేచి ఆడతాయి, పిల్లాడు గట్టెక్కుతాడు, తన పేరుకు మచ్చ పడదు. ఎంత సులువు! కానీ ఈ మూడు వారాలూ తన చేతకానితనం వల్లే పోయాయని వాడు జన్మంతా అనుకుంటాడు. కాగితం మీద కూడా అలాగే రాసుకుంటాడు. ఛీ, ఏం బతుకిది అనిపించింది ఆమెకు.

మర్నాడు పొద్దున వాడు ప్రయోగం గది తలుపు తీసేసరికే అక్కడ నిలబడి ఉంది.

"బాబూ, స్ఫటికం కింద మైనం ఉంది. మళ్ళీ పడిపోతుందేమోనని నేనే పెట్టాను. నీకు చెప్పలేదు."

లాంబెర్ట్ మొహం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "మూడు వారాలండీ! రోజూ నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పాలి. చెప్పలేదు. తిట్టు, పడతాను."

వాడు గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ఆగి, "తిట్టడం తర్వాత. ముందు దాన్ని తీసి మళ్ళీ పెట్టండి" అన్నాడు.

"నేనా?"

"ఇంకెవరు? మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దానిమీద పడటానికి వీల్లేదు."

హెర్మీనె స్ఫటికాన్ని జాగ్రత్తగా చేతిలోకి తీసుకుంది. మైనం మొత్తం కరిగించి తుడిచింది. స్ఫటికాన్ని ఊరికే, ఏ ఆధారమూ లేకుండా నిలబెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. తీసుకోవడం అంత కష్టమవుతుందని ఆమె అనుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం లాంబెర్ట్ కాగితం పట్టుకుని వర్క్‌షాపులోకి పరుగెత్తుకొచ్చాడు. మూడొందల పది, నాలుగొందల ఇరవై, అయిదొందల అరవై, నాలుగొందల ముప్పై, మళ్ళీ మూడొందలు. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది.

అక్టోబరులో లాంబెర్ట్ డాక్టరేటు పరీక్ష. హెర్మీనె మంచి కోటు తొడుక్కుని చివరి వరుసలో కూర్చుంది. లాంబెర్ట్ ముందుగా తెర మీద ఆ చదును గీతనే చూపించాడు. మైనం సంగతంతా చెప్పాడు, ఎవరు పెట్టారో కూడా.

"సరే. ఇంతకీ నీ పక్షం ఏది? మధ్యలో జరిగేదేమిటంటావు?" అని అడిగాడు కైన్‌రాత్.

"తెలియదండీ. మీ ఇద్దరిలో ఎవరు ఒప్పో ఈ అంకెలు తేల్చలేవు. నాకు తెలిసింది ఒకటే. మనం ఏం అమర్చామో ఉన్నదున్నట్టు ఎవరో ఒకరు చెప్పకపోతే, ఈ చదును గీతే నిజమని నమ్మి ఊరెళ్ళిపోయేవాణ్ణి. చెప్పినావిడ వెనక కూర్చున్నారు."

గదిలోని తలలన్నీ వెనక్కి తిరిగాయి. నవ్వుతారనుకుని హెర్మీనె దవడ బిగించింది. ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ జెలెన్కా లేచి నిలబడి, "ఎన్ని చుక్కలమ్మా?" అని అడిగారు, ఇంకో ప్రొఫెసరును అడిగినంత మర్యాదగా.

"మూడండీ. బఠాణీ గింజంతేసి."

ఆయన రాసుకున్నారు.

బయట మెట్ల మీద అందరూ అభినందిస్తూ లాంబెర్ట్ చేతులు ఊపి ఊపి వదిలారు. చివరికి వాడు ఆమె దగ్గరికి వచ్చి నోరు తెరవబోతే, హెర్మీనె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు తర్వాత చెప్దువుగాని, ముందు నన్ను చెప్పనీ. నీకు రుణపడి ఉంటాను నాయనా. మైనం సంగతి విన్నాక కూడా స్ఫటికాన్ని మళ్ళీ నా చేతికే ఇచ్చావు చూడు, అందుకు."