రెండు రేవుల తవిటయ్య

మైలపల్లి తవిటయ్యగారు ఇక లేరని గత మంగళవారం ఉదయం ఆయన అల్లుడు ఫోను చేసి చెప్పాడు. ఆదివారం నాడే శ్రీకాకుళం ఆసుపత్రిలో చూసి వచ్చాను. గంజి తాగారు, నా కొత్త కళ్ళజోడు మీద పరిహాసమాడారు. రెండు రోజుల్లోనే ఇంత దారుణమైన వార్త వినవలసి వస్తుందని కలలోనైనా అనుకోలేదు. బతికున్నన్నాళ్ళూ "ఏమయ్యా తవిటయ్యా" అని పిలిచిన నోటికి, పోయిన మర్నాడే "గారు" అలవాటైపోయింది. మా వంటి చదువుకున్నవాళ్ళ మర్యాదలు ఇలాగే ఉంటాయి.

నేను కోటబొమ్మాళి దగ్గరి వరి రైతుల బిడ్డను. సోషల్ మేస్టారుగా ఉద్యోగరీత్యా ఒడిశా సరిహద్దును ఆనుకున్న ఒక సముద్రపు రేవుకి వెళ్ళి, పదవీ విరమణ తర్వాత కూడా అక్కడే ఉండిపోయాను. తవిటయ్యగారు ఆ ఊరివారే. చిన్నతనంలో తండ్రితో వేటకెళ్ళి, వయసొచ్చాక విశాఖపట్నంలో ఓడ ఎక్కి, ఇరవై ఏళ్ళు ఖలాసీగా దేశాలు తిరిగి, మళ్ళీ మా రేవుకి వచ్చి వల పట్టినవారు. సంతకం తప్ప రాత రాదు. లోకజ్ఞానంలో మాత్రం మా స్టాఫ్ రూము మొత్తాన్ని ఒక తక్కెట్లో వేసినా ఆయన వైపే మొగ్గు.

మా పరిచయమే నాకు జరిగిన ఒక పరాభవంతో మొదలైంది. ఒకనాడు తొమ్మిదో తరగతికి ఉత్తర ధ్రువ ప్రాంతం పాఠం చెబుతున్నాను. అక్కడ మంచు, ఎలుగుబంట్లు తప్ప మానవ సంచారం లేదని గంభీరంగా సెలవిచ్చాను. కూతురి టీసీ కోసం వచ్చిన తవిటయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. పిల్లల ముందు ఏమీ అనలేదు. గంట కొట్టాక దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని, "అక్కడ మనుసులున్నారండి మేస్టారూ. నా కాలు ఇరిగితే ఆళ్ళే కట్టు కట్టేరు," అన్నారు.

నార్వే దేశపు ఉత్తరపు కొసన కిర్కెనెస్ అనే రేవు ఉంది. ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి వీరి ఓడ అక్కడికి వెళ్ళింది. మంచు పేరుకున్న మెట్ల మీద జారి తవిటయ్యగారి కాలు విరిగింది. ఓడ ఆగదు కదా, ఆయనను ఆసుపత్రిలో దింపి వెళ్ళిపోయింది. రెండు నెలలు సూర్యుడు సరిగా కనబడని ఆ చలికాలంలో ఆయనకు ఇద్దరు నేస్తాలు దొరికారు. ఒకరు సరిహద్దుకి అటుపక్క సోవియట్ దేశపు జాలరి, ఒకరు ఆ ఊరి జాలరి. ముగ్గురికీ ఉమ్మడి భాష లేదు. వల ముడులు వేసి చూపించుకుంటూ, దుప్పటి మీద సముద్రం బొమ్మ గీసుకుంటూ మాట్లాడుకునేవారట.

ఆ రెండు దేశాల సైన్యాలూ ఆ రోజుల్లో ఎదురెదురుగా తుపాకులు పెట్టుకుని కూర్చున్నాయి. అయినా ఏటేటా ఇరుపక్కల అధికారులూ ఒక బల్ల ముందు చేరి, కాడ్ అనే చేపను ఎవరెంత పట్టాలో మాట్లాడుకునేవారు. ఆ చేప పిల్లగా ఉన్నప్పుడు అటువైపు నీళ్ళలో మేసి పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి ఇటువైపు ఒడ్డుకి వస్తుంది. ఒకరు అత్యాశకు పోతే ఇద్దరూ పస్తే. ఈ సంగతి నేను తర్వాత పుస్తకాలు తిరగేసి నిజమేనని తెలుసుకున్నాను. తవిటయ్యగారికి మాత్రం ఇది ఆసుపత్రి మంచం మీద అందిన విద్య. ఆ విద్యను ఆయన మా ఊళ్ళో అమలు చేయబోయారు. దానికి ఆయన పడిన శిక్ష గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

మా రేవుకి ఉత్తరాన పొలిమేర దాటగానే ఒడిశా. అక్కడి జాలరులూ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడేవారే. ఇరుపక్కలా పిల్లనిచ్చి పుచ్చుకున్న సంబంధాలున్నాయి. సంబంధం ఒడ్డు మీదే, నీళ్ళలో దిగితే పగ. వాళ్ళ పడవ మా వలల మీదుగా పోయి వలలు చింపితే, మావాళ్ళు ఆ పడవను చుట్టుముట్టి, మనుషుల్ని బస్సెక్కించి పంపి, పడవనూ వలనూ మా ఇసుకలో పెట్టుకునేవారు. వాళ్ళూ అంతే. పెట్టుకున్న పడవ మూలపడి పాడవ్వాలి తప్ప తిరిగివ్వడం అనే ఆచారం లేదు.

అలా ఒకసారి పట్టుకొచ్చిన పడవ దగ్గర తవిటయ్యగారు కూర్చుని, అందులోని చిరిగిన వలను బాగుచేయడం మొదలుపెట్టారు. మా రేవులో వల బాగుచేసినవాడిదే దాని మీద మొదటి హక్కు. కాబట్టి ఊరు వాడుకోవడానికే బాగుచేస్తున్నాడని అందరూ సంబరపడ్డారు. కులపెద్ద సింహాచలం స్వయంగా దారపు ఉండ తెచ్చిచ్చాడు. మూడు రోజులు అందరి ఎదుటా పని సాగింది. నాలుగో రోజు పట్టపగలు, ఇంజను ఎలా ఉందో చూస్తానంటే ఊరంతా వచ్చి భుజం పట్టి పడవను నీళ్ళలోకి తోసింది. పడవ అలలు దాటి ఉత్తరానికి తిరిగింది, ఎంత పిలిచినా వెనక్కి రాలేదు. పడవ ఇచ్చేసి ఆయన సాయంత్రం బస్సులో వచ్చారు.

రాత్రిపూట దొంగచాటుగా తీసుకుపోయి ఉంటే ఊరు క్షమించేదేమో. తాము తోసిన పడవే కావడం వల్ల సిగ్గు కోపమైంది. మర్నాడు సభ పెట్టి, నడుమ నిలబడి తప్పయిందని దండం పెడితే చాలన్నారు. "దాసుకోడం తప్పనీసి తెలిసినోడిని, ఇచ్చీడం తప్పని ఎలా సెప్తాను?" అన్నారాయన. ఊరు వెలివేసింది. ఆ తీర్మానం రాసింది నేను. రాతగాడు నేనొక్కడినే కదా అని కబురంపారు, వెళ్ళాను, రాశాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు. ఆ కాగితంలో ఆయన పేరు పక్కన 'గ్రామద్రోహి' అని ఉంది.

ఏడాది పాటు ఎవరూ ఆయనను వేటకు పిలవలేదు. భార్య నూకాలమ్మ ఆటోలో చేపల గంప పెడితే తక్కిన ఆడవాళ్ళు దిగిపోయేవారు. ఆవిడ ఒకనాడు మా ఇంటికొచ్చి, "ద్రోహి అంటే ఏటి బాబూ?" అని అడిగింది. అర్థం చెప్పాను. సోషల్ మేస్టారుని కదా, అర్థాలు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. ఆవిడ తల పంకించి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. తవిటయ్యగారు ఎదురైతే నేను రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడిని. ఆయనే నవ్వి నమస్కారం పెట్టేవారు.

ఆ మరుసటి వర్షాకాలంలో వాయుగుండం పట్టింది. మా రేవు పడవ ఇంజను చెడి, నలుగురితో సహా గాలికి కొట్టుకుపోయింది. ఆ నలుగురిలో సింహాచలం తమ్ముడొకడు. రెండు రోజులు ఊళ్ళో పొయ్యి వెలగలేదు. మూడో రోజు అటువైపు రేవు నుంచి కబురొచ్చింది, నలుగురూ క్షేమం అని. వాళ్ళు మనుషులకి అన్నం పెట్టి, ఇంజను బాగుచేయించి, పడవ తిరిగిచ్చి పంపారు. మీ తవిటయ్య ముఖం చూసి ఇస్తున్నామన్నారట. సింహాచలం నేరుగా తవిటయ్యగారి గుమ్మంలోకి వెళ్ళి ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగాడు. అంతటితో వెలి పోయింది. మా ఊళ్ళో క్షమాపణ అంటే అదే.

తర్వాత రెండు రేవులవాళ్ళూ కలిసి కూర్చున్నారు. కాలు విరిగిన కథ ఆనాడు అందరికీ చెప్పి తవిటయ్యగారు అటువైపువాళ్ళతో అన్న మాట నాకు కంఠతా వచ్చు. "సేపకి పొలిమేర నేదు బావా. పిల్లని మీరు సంపితే మాకు తల్లి నేదు, తల్లిని మేం సంపితే మీకు పిల్ల నేదు." పడవలు పట్టుకోవడం మానాలని, వల చిరిగితే చింపినవాళ్ళే వచ్చి బాగుచేయాలని ఒప్పందమైంది. ఆ కాగితమూ నాచేతే రాయించారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి కాయితమే కుదురుగా ఉందండి మేస్టారూ, దీనికి సెయ్యి వణికినట్టుంది అని ఏడిపించారు. ఆ ఒప్పందం నేటికీ నడుస్తోంది. అంతటి హృదయవైశాల్యం, అంతటి నిర్మలమైన మొండితనం మళ్ళీ మా తీరం చూస్తుందని నాకు ఆశ లేదు.

ఆదివారం ఆసుపత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని ఆ మొదటి కాగితం సంగతి ఎత్తాను. ఆయన నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"రాసిన సెయ్యి మీదైనా మాట ఊరిది మేస్టారూ. ఊరు ఎనక్కి తీసుకున్నాది. ఇంకేటి?"

మంగళవారానికి ఆయన లేరు. ఆనాడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను, నూకాలమ్మగారు ఎవరిచేతనైనా చదివించుకుని వినాలి. ఊరు ఆయనను గ్రామద్రోహి అనలేదు. తవిటయ్య ఊరి మాట వినలేదు కాబట్టి ఎవరూ పలకరించొద్దు అని మాత్రమే సింహాచలం చెప్పాడు. ఆ మాట చప్పగా ఉందని, తీర్మానానికి నిండుతనం రావాలని, ఆ సంస్కృత పదం నేను చేర్చాను. చదివి వినిపిస్తే అందరూ బాగుందన్నారు, నాకు సంతోషం కలిగింది. ఊరు వెనక్కి తీసుకోగలిగింది ఊరు అన్న మాటనే. నేను అన్న మాటను ఈవేళ నేను వెనక్కి తీసుకుంటున్నాను తవిటయ్యగారూ. వినడానికి మీరు లేరు.