శంకరవ్వ చేతి ముద్ద

శంకరవ్వ చేతులకు బొటనవేళ్లు రెండే మిగిలాయి, అవీ సగం సగం. నైజాం రోజుల్లో పోడు కొట్టిన ఆ చేతులను చూసి మొదట అడవి కాసే జంగ్లాతు జవాను వెనక్కి జరిగాడు. తరువాత నాయకపోళ్ల గూడెమే వెనక్కి జరిగింది. కుష్టు, పెద్దరోగమని కులంలోంచి వెలివేశారు. ఆరేళ్లు గోదావరి అవతలి దవాఖానలో మాత్రలు మింగి, రోగం పోయిందని డాక్టరు రాసిచ్చిన కాగితంతో పంతొమ్మిది వందల అరవై ఒకటిలో మంచిర్యాలలో రైలు దిగి గూడెం చేరింది.

కులపెద్ద అంతయ్య ఆ కాగితాన్ని ముట్టనే లేదు. కులంలో కలవాలంటే అందరికీ అన్నం పెట్టాలన్నాడు. కలిసే మనిషి తన చేత్తో కట్టిన మొదటి ముద్ద పెద్దమనిషి తింటేనే కలిసినట్టు. లేకపోతే ఆమెను ఇంట్లో ఉంచుకున్న తమ్ముడు బాలమల్లుకూ వెలే. అతని పొయ్యికి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు.

బాలమల్లు మేకను కోశాడు. వేడి తెలియని చేతులకు గుడ్డలు చుట్టుకొని శంకరవ్వే వండింది. రెండు అరచేతుల మధ్య ముద్ద కట్టడం ఆమె దవాఖానలో నేర్చుకుంది. మగవాళ్లు బంతిలో కూర్చున్నాక ముద్దను మోదుగాకులో పెట్టుకొని అంతయ్య ముందుకు వెళ్లింది. అతడు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"నీ తమ్ముని పెండ్లాం పెడ్తది తియ్యి. నువ్వు ఇస్తరి అంచుకు చెయ్యి ఆనియ్యి, సాలు."

"గట్లయితే కులంల కలిసేది నేనా, అదా?"

"గీ మొండిచేతుల కూడు తింటే రేపు నా ఇంటికి పిల్లనెవ్వడిస్తడే?"

అది ముద్దనా పిడకనా అని వెనక ఒకడన్నాడు. బంతంతా నవ్వింది. బాలమల్లు వచ్చి అక్క కాళ్లు పట్టుకున్నాడు.

"అక్కా, నా ఇల్లు జూడు."

శంకరవ్వ కాళ్లు వెనక్కి తీసుకుంది. ముద్దను తన నోట్లోనే పెట్టుకొని, నమిలి మింగింది.

"తినుండ్రి. దాని చేతిదే తినుండ్రి. నేను మీల కలవ."

తిన్నారు. మరదలు వడ్డిస్తే, శంకరవ్వ వండిన కూరలో ఎముకలు కూడా మిగల్చలేదు. అక్క గూడెంలో ఉండకుంటే బాలమల్లుకు వెలి లేదని అంతయ్య చేయి కడుక్కుంటూ చెప్పాడు.

నస్పూరు ఊరి పక్కన గుడిసె వేసుకొని శంకరవ్వ మేకలు కాసింది. గూడెం పొయ్యి మీద ఉడికింది మళ్లీ ముట్టలేదు. తమ్ముడు తెచ్చిన సద్ది మేకలకు వేసేది, అతను చూస్తుండగానే.

ఏడేళ్ల తరువాత ఆమె జ్వరంతో పడిపోయినప్పుడు బాలమల్లు గంజి తెచ్చాడు.

"ఎవ్వల చేతిదిరా?"

"నీ మరదలు కాసింది."

"కులంల కలిసినామె గదా. నాకొద్దు."

ఆమె తడిక వైపు తిరిగి పడుకుంది. గంజి చల్లారింది. ఆమె పోయేదాకా ఆ గిన్నె అతని చేతుల్లోనే ఉంది.