అక్క ఎదురుకోలులో వైబ్రాఫోన్

ఆ రోజుల్లో మనిషి గొప్పతనం తనకు తెలిసిన పాటల్లో కాక, పక్కవాడికి తెలియని పాటల్లో ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాడిని. ఇరవై ఏళ్ల వయసు, నిజామాబాద్ బస్టాండు దగ్గర రికార్డింగ్ సెంటర్లో ఉద్యోగం (ఉద్యోగమంటే, జనం చీటీ మీద రాసిచ్చిన పాటలను ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించడం), మెడ దాకా జుట్టు. పొగరుకు ఇంకేం కావాలి? మా దుకాణం యజమానిని ఊరంతా చాచా అనేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఎవరైనా ఆఫీసరు బదిలీ అయి సామాను సర్దుకుంటుంటే, చాచా వెళ్లి పాత రికార్డులు కొనుక్కొచ్చేవాడు. అలా వచ్చిన కట్టలో ఒక అట్ట మీద ఒకాయన రెండు చేతుల్లో రెండేసి పుల్లలు పట్టుకుని, బల్లంత పొడవున పేర్చిన రేకుల ముందు నిలబడి ఉన్నాడు. పక్కనే ఇంకొకాయన మోకాళ్ల మధ్య చిన్న డోళ్ల జత.

"ఇదేంది చాచా, బడిగంటలన్ని తెచ్చి వరుసగ పెట్టినట్టున్నది?" అన్నాను.

"వైబ్రాఫోన్ అంటరు బేటా. రేకుల కింద గొట్టాలుంటయి, గొట్టాల మీద చిన్న చిన్న పంకలు తిరుగుతయి. గందుకే ఆవాజ్ గట్ల వణుకుతది. మీద వాయించేది జాజ్, కింద దరువు క్యూబా దిక్కుది. రెండిటికి షాదీ చేసిండ్రు. సమజైందా?"

సమజ్ కాలేదు. కానీ సూది రికార్డు మీద పడగానే చేతిలో చీటీలు పక్కన పెట్టేశాను. పైన ఆ రేకులు తాపీగా, నీళ్లలో మోగుతున్నట్టు మోగుతున్నాయి. కింద డోళ్లు మాత్రం ఒక్క క్షణం ఊరుకోవు. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు దెబ్బలు. తమాషా ఏమిటంటే, మన పాదం పడాల్సిన చోట సరిగ్గా దెబ్బ ఉండదు. ఆ సాయంత్రమే దాన్ని క్యాసెట్లోకి ఎక్కించి ఇంటికి పట్టుకుపోయాను.

ఇంట్లో మా అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం), అక్క చేటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నారు. అవ్వ "గిదేం మోతరా, చెవుల ఈగ దూరినట్టు!" అంది. రెండో పాట వచ్చేసరికి అక్క చేతులు వాటంతటవే దరువులో పడిపోయాయి. ఆకు తీసి, తంబాకు పోసి, చుట్టి, మూడు. దారం కట్టి, చేటలో వేసి, రెండు. ఆ రోజు అక్క రోజూ కంటే ముందే పని ముగించుకుని లేచి నడుం విరుచుకుంది. తర్వాత ప్రతి సాయంత్రం "తమ్మీ, నా పాట పెట్టు" అనేది.

ఆ ఏడే అక్కకు బోధన్ సంబంధం కుదిరింది. పెళ్లికి వారం ముందు నన్ను పక్కకు పిలిచింది. "నేను ఏం అడగలె తమ్మీ. చీర గూడ అవ్వనే సూసింది. ఎదురుకోలుకు మాత్రం గా పాట పెట్టు. నన్ను బయటికి రానియ్యరు గదా. లోపల ఒక్కదాన్నే కూసున్నప్పుడు అది చెవుల పడితే జర ధైర్యముంటది." సరేనని మాటిచ్చేశాను. బాపు (అంటే మా నాన్న) మాత్రం మండిపడ్డాడు. "గా బడిగంట మోగితే పోరగాండ్లంత ఇంటికి ఉరుకుతరు. పిలగాని దిక్కోల్లు అలిగిండ్రనుకో, నిన్ను ఇంట్ల అడుగు పెట్టనియ్య!"

ఇక్కడ నేను చేసిన ఒక వెధవ పని ఒప్పుకోవాలి. మా గల్లీలో ఏ పెళ్లికైనా ముందు నడిచేది డప్పు తాత. మా అవ్వ పెళ్లికీ ఆయనే కొట్టాడు. అలాంటి పెద్దమనిషితో "తాతా, ముందు నా క్యాసెట్ అయిపోనీ, నీది తర్వాత" అన్నాను. తాత డప్పును గోడకు ఆనించి చుట్ట వెలిగించుకున్నాడు.

ఎదురుకోలు అంటే తెలుసుగా, మగపెళ్లివారు గల్లీ మొదట్లోనే ఆగిపోతారు. మనం మేళంతో ఎదురెళ్లాలి. వాళ్లు తీన్మార్ దరువుకు ఎగిరి ఎగిరి, కాళ్లకు తృప్తి కలిగితేనే పందిరి వైపు కదులుతారు. ముహూర్తం దగ్గర పడ్డా సరే. నేను మైక్ సెట్టు దగ్గర నిలబడి మీట నొక్కాను. పెళ్లికొడుకు మేనమామ కండువా నడుముకు బిగించి, ఉత్సాహంగా కాలెత్తాడు. దెబ్బ పడలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. దించుదామనేసరికి ఇంకెక్కడో పడింది. ఆయన వెనక ఇరవై మంది, ముళ్ల బాటలో నడిచేవాళ్లలా ఒక్కో కాలు పైకెత్తి నిలబడ్డారు.

"ఏమయ్యా, క్యాసెట్ సుట్టుకున్నదా?" అన్నాడు మేనమామ.

నోరు మూసుకోవచ్చుగా? మైకు అందుకున్నాను. "అట్ల కాదు మామా! ఇది లాటిన్ దరువు. మూడు కొట్టి రెండు కొడతరు. మీరు నడుమ ఒకటి వదిలిపెట్టి..."

"మాకు ఎగురుడు నేర్పుతవారా? ఎక్కిరిస్తున్నవా?" మేనమామ కుర్చీ తెప్పించుకుని గల్లీ నడిమధ్యలో కూర్చున్నాడు. "మేం కదలం." పెళ్లి చేయించే అయ్యగారు గడియారం చూపిస్తున్నాడు. బాపు జనాన్ని తోసుకుంటూ నా వైపే వస్తున్నాడు. క్యాసెట్ ఆపబోయి తలెత్తితే, లోపలి గది కిటికీ ఊచల్లోంచి గాజుల చెయ్యి ఒకటి "వద్దు, వద్దు" అని ఊగుతోంది. ఆపితే అక్క ఏడుస్తుంది. ఆపకపోతే అక్క పెళ్లే ఆగేలా ఉంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఉరికి తాత ముందు నిలబడ్డాను.

"తాతా, తప్పయింది. జర రా తాతా."

"నీ క్యాసెట్ అయిపోయిందా?"

"కాలె."

"అయితే కూసో." చుట్ట ఇంకో రెండు దమ్ములు పీల్చాడు. నన్ను ఉడికిస్తున్నాడనుకున్నాను గానీ, ఆయన తల మెల్లగా ఊగుతోంది. వింటున్నాడు! "మంచిగనే కొడుతున్నరు బిడ్డా. నడుమ నడుమ దెబ్బలు మింగుతున్నరు, గంతే. గవి నేను కొడుత తీ."

గడ్డి మంట మీద డప్పు కాచుకుని, గల్లీలోకి నడిచి, ఒక్క దెబ్బ వేశాడు. సరిగ్గా పాదం పడాల్సిన చోట. మేనమామ కాలు నేల మీద పడింది. రెండో దెబ్బకు కుర్చీ పడింది. పైన ఎక్కడివాళ్లవో రేకులు, నడుమ క్యూబా డోళ్లు, కింద మా తాత డప్పు. గల్లీకి గల్లీ ఎగిరింది, బాపుతో సహా (ఆయన తర్వాత ఒప్పుకోలేదు). తాత కొడుతూనే వెనక్కి నడిచాడు. పెళ్లివారంతా ఆయన వెంట ఎగురుతూ వచ్చి, ముహూర్తానికి ముందే పందిట్లో పడ్డారు. అప్పగింతలప్పుడు అక్క నా చెవిలో "వినబడ్డది తమ్మీ" అని మాత్రం అంది. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు చాచా లేడు, దుకాణం లేదు, తాత కూడా వెళ్లిపోయాడు. మొన్నామధ్య మా అబ్బాయి అదే పాటను ఫోనులో వెతికి పెడితే, గీతలు, గరగరలు లేకుండా అద్దంలా ఉంది. వెంటనే బోధన్‌లో ఉన్న అక్కకు పంపించాను. కాసేపటికి ఫోన్ చేసింది.

"మంచిగనే ఉన్నది గని, గిది మన పాట కాదు తమ్మీ. గిండ్ల తాత లేడు."

ఇరవై ఏళ్లప్పటి నేనైతే మైకు అందుకుని, అసలు రికార్డులో డప్పు ఎన్నడూ లేదని లెక్చరు దంచేవాడిని. ఇప్పుడు ఉన్న నాలుగు వెంట్రుకలు సవరించుకుని, "అవునక్కా, వీళ్లు తాతను పిలుసుడు మర్సిపోయిండ్రు" అన్నాను.