లోపలి కండ

ఎవరైనా “తబియత్ ఎలా ఉంది?” అని అడిగితే చాలు, మా మావయ్య చొక్కా గుండీలు విప్పేవాడు. “కండ లోపలుంది. సెవెట్టి ఇను,” అనేవాడు. వింటే పిల్లికూతలు. వలలు లాగిన చేతులు వయసుతో వేలాడిపోయాయి గానీ, ఉబ్బసం వల్ల ఊపిరి గొట్టాల చుట్టూ కండ మందమైందని డాక్టరమ్మ చెప్పినప్పటినుంచీ ఒకటే గర్వం. మా దీవిలోని అబర్డీన్ బజార్లో చేపలమ్మేవాళ్లందరికీ చెప్పొచ్చాడు. ఇన్‌హేలర్ మాత్రం ముట్టడు. కండ కరిగిపోతుందట!

ఒకరోజు ఊపిరాడక పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో ఆస్పత్రికి పట్టుకుపోయాను. తేరుకున్నాక డాక్టరమ్మ కోప్పడింది.

“అంకుల్, మీ ఊపిరి పిసికేస్తున్నది ఆ కండే. సూటిగా దాని పనిబట్టే కొత్త మందుల కోసం వెతుకుతున్నారు. అవి వచ్చేదాకా ఈ ఇన్‌హేలర్ వాడాల్సిందే.”

మావయ్య వేలాడుతున్న తన చేతులకేసి చూసుకున్నాడు.

“అక్కడ వదులైతే ఎటెల్తాది దీదీ? సేతుల్లోకి దిగుతాదేటి?”

డాక్టరమ్మ నావైపు చూసింది. “పహలే పీల్చండి అంకుల్, ముందది కానివ్వండి,” అంది.

ఆ తర్వాత ఒక్క పూటా మానలేదు. పీల్చిన ప్రతిసారీ చెయ్యి మడిచి నా ముందు పెట్టేవాడు.

“నొక్కి సూడమ్మా.”

నొక్కేదాన్ని. వేళ్లకి ఎముకే తగిలేది.

“దిగుతోంది మావయ్యా,” అనేదాన్ని.