మలుపులో అరిచిన స్క్రీన్

పొగమంచులో జి.మాడుగుల బస్సు ఘాట్ ఎక్కుతోంది. మలుపు వచ్చిందంటే బస్సంతా మాటలు ఆపేస్తుంది. అక్కడ డ్రైవర్ని ఎవరూ పలకరించరు. అతని ముందు కొత్తగా బిగించిన, దారి చూపే స్క్రీన్‌కి ఆ సంగతి తెలియదు. సరిగ్గా మలుపులోనే, సిగ్నల్ పోయిందని కీమని అరిచింది. డ్రైవర్ కళ్లు దానిమీదికి పోయాయి. నా కిటికీ కింద రోడ్డు లేదు, లోయే ఉంది.

చివరి క్షణంలో స్టీరింగ్ తిప్పాడు. ముందు సీట్లో నా పక్కనున్న ముసలామె లేచి తన తువ్వాలుతో స్క్రీన్‌ని కప్పేసింది. గుడ్డ కింద అది అరుస్తూనే ఉంది. అరిచినప్పుడల్లా డ్రైవర్ చూపు అటే పోతోంది.

"దీని నోరు ముయ్యాలంటే ఏటి సెయ్యాలి బాబూ?" ముసలామె నన్నడిగింది.

అలాంటి స్క్రీన్లు తయారుచేయడమే నా ఉద్యోగం. గుడ్డ తీసి అంతా వెతికాను. అరుపు ఆపే బటన్ లేదు.

ఇప్పుడు ఏ స్క్రీన్ మొదలుపెట్టినా ముందు ఆ బటనే పెడతాను. అది పెట్టేదాకా నా కాళ్ల కింద రోడ్డుండదు.