ఎంత మిగిలిందో చెప్పే లైటు

మా ఊరి లైన్‌మేన్ గారు పోయారని పోయిన నెలలో ఒక ఉదయం పాలు పోయడానికి వచ్చినావిడ చెప్పింది. నిద్రలోనే పోయారట. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఒక సాక్షి తగ్గాడన్న ఊరట. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి రాయరు. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాక కూడా రాయకపోతే ఇంకెప్పుడు రాస్తాను?

రాజోలు దగ్గర గోదావరి పాయల మధ్య ఒక లంక మాది. ఆయన కరెంటు ఆఫీసులో రిటైరయ్యాక కూడా, గోదావరి ఎర్రబడి వరద వచ్చేలా ఉందంటే ఇంటింటికీ వచ్చి మెయిన్ ఆపించేవారు. చేతిలో పాత బల్బు టార్చి. వాడనప్పుడు అందులో బ్యాటరీలు తీసి గుడ్డలో చుట్టి పెట్టుకునేవారు. వెలిగించి అరచేతికి ఆనించి, వేళ్ళ సందున ఎర్రగా కనిపిస్తే, "ఇంకా రక్తం కనపడతందండి, పనికొస్తుంది" అనేవారు.

నాకు ఆ టార్చి అంటే చులకన. బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, ఇల్లంతా పుస్తకాలు పేర్చుకున్నవాణ్ణి. అమలాపురంలో కొత్తరకం టార్చి కొన్నాను. అందులో చిన్న సర్క్యూట్ ఉంటుంది. బ్యాటరీ తగ్గుతున్నా వెలుగు తగ్గనివ్వదు. ఆయనదానిలో అలాంటిదేమీ లేదు, బ్యాటరీ నీరసించిన కొద్దీ లైటూ నీరసిస్తుంది. ఒకరోజు అరుగు మీద ఆయన్ని కూర్చోబెట్టి ఈ తేడా మీద అరగంట పాఠం చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నారు.

"ఆయ్. చదువుకోడానికి మీదే మంచిదండి మేష్టారూ. వరదలో మాత్రం ఎంత మిగిలిందో చెప్పే లైటు కావాలండి," అన్నారు.

అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు నేను.

నాలుగేళ్ళ కిందటి వరదలో ఆయన మా ఇంటి మెయిన్ ఆపడానికి వచ్చిన పూటే నీళ్ళు వీధిని ముంచేశాయి. నేను, నా భార్య, ఆయన అటకెక్కాం. కొబ్బరికాయని నెలల తరబడి అటక మీద ఆరనిచ్చి కురిడీ చేయడం ఇక్కడి ఇళ్ళలో అలవాటు. ఆ కాయలు పక్కకి దొర్లించి ముగ్గురికి చోటు చేసుకున్నాం. లేచి నిలబడితే తల వాసాలకి కొట్టుకునేది. పట్టపగలు కూడా చీకటే. ఉక్క, మక్కిన పీచు వాసన, కింద గదుల్లో నీళ్ళు తలుపుల్ని కొడుతున్న చప్పుడు. నిచ్చెనకి ఎన్ని మెట్లు మునిగాయో చూసుకోవడం తప్ప వేరే పని లేదు. నా భార్యకి ఆయాసం. ఇన్‌హేలర్ మొదటి సాయంత్రానికే అయిపోయింది. పడవ వస్తేనే ఆసుపత్రి.

ఆ హోరులో కేకలు వినపడవు. పొద్దువాలాక వెలుగు కనిపించిన కప్పు దగ్గరికే పడవవాళ్ళు వస్తారు. అందుకే ఆయన ముందే చెప్పారు: "మీది పడవ కోసం దాచండి మేష్టారూ, దూరం పోద్ది. లోపలికి నాది చాలు."

సరేనన్నాను. మర్నాడు పగలంతా ఆయన ఒక అట్టముక్కతో నా భార్యకి విసురుతూ కూర్చున్నారు. విసిరి విసిరి మధ్యాహ్నం కునుకు తీశారు. ఆ చీకట్లో ఆవిడ ఊపిరి చప్పుడు ఒక్కటే వింటూ నేను ఉండలేకపోయాను. అటకెక్కేటప్పుడు చంకలో పెట్టుకున్న పుస్తకం తీసి, వాళ్ళకి వీపు తిప్పి, నా టార్చి వెలిగించాను. కాసేపే అనుకున్నాను. వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు కనక బ్యాటరీ నిండుగా ఉందనుకున్నాను. తగ్గదని పాఠం చెప్పిందీ నేనే. పుస్తకం సగం పైగా అయింది.

మునిమాపు వేళ ఇంజను చప్పుడు వినిపించింది. లైన్‌మేన్ గారు పెంకులు తీసి, ఆ సందులో తల బయటపెట్టి, వెనక్కి చెయ్యి చాపారు. నా టార్చి ఇచ్చాను. ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. ఆయన నావైపు చూడలేదు. అప్పటికే వెలుగు పసుపురంగుకి దిగిపోయిన తన టార్చి అందుకున్నారు. పడవ ఆగలేదు.

మర్నాటి పొద్దున్న ఇంకో పడవ వచ్చింది. నా భార్య బతికింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఇప్పటికీ పదడుగులు వేస్తే ఆగుతుంది. మొదటి పడవ ఎందుకు ఆగలేదని ఊళ్ళో అడిగినప్పుడు, లైన్‌మేన్ గారి టార్చి పడవవాళ్ళ కంటికి ఆనలేదన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. అబద్ధం ఆడి ఉంటే ఇంతకంటే గౌరవంగా ఉండేది.

ఆ మాట ఊరు పట్టుకుంది. అవసరానికి పనికిరానిదల్లా 'లైన్‌మేన్ టార్చి' అయిపోయింది. రాని బస్సు, మొరాయించిన మోటారు, మాట తప్పిన అల్లుడు. ఆయన మొహం మీదే అనేవారు. ఆయన నవ్వేసేవారు. ఒకసారి ఒంటరిగా దొరికితే, నిజం చెప్పెయ్యనా అని అడిగాను. చెప్పాలని కాదు, వద్దనిపించుకోవాలని.

"వద్దండి. చెల్లెమ్మగారికి తెలీదు. ఆవిడ మీతోనే కదండీ బతకాలి," అన్నారు.

ఆయన పోయిన పదోనాడు పంచాయతీ ఆఫీసు ముందు సంతాపసభ పెట్టారు. వరద వార్త రాగానే అందరికంటే ముందు ఊరు దాటిన మా ప్రెసిడెంటు మైకు పట్టుకుని, ఆ టార్చి ముచ్చటే చెప్పి జనాన్ని నవ్వించాడు. తర్వాత మైకు నాకిచ్చారు. సేవాభావం, నిరాడంబరత అని అయిదు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాను. ఇంటికొచ్చాక నా భార్య గుమ్మం పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది.

"మీరు పేజీలు తిప్పుతున్న చప్పుడు నేను ఆరోజే విన్నానండి. ఇవాళైనా చెబుతారనుకున్నాను," అంది.

ప్రెసిడెంటు గారూ, ఆ సభలో నవ్విన పెద్దలూ, వినండి. నా టార్చిలో లోపం లేదు. ఆయన చెప్పినట్టు దాచి ఉంటే ఆ పడవని తిప్పేది. ఆయన టార్చిలోనూ లోపం లేదు. తగ్గుతున్నానని రెండు రోజులూ చెబుతూనే వచ్చింది, ఆయన దాన్ని పొదుపుగా వాడారు. ఆరిపోయేదాకా ఏమీ చెప్పనిదాన్ని నమ్ముకుని, ఒక మనిషి మాట పక్కన పెట్టినవాణ్ణి నేను. ఇది మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ పేరుతో ఇక ఎవరినీ వెక్కిరించకండి.

ఆ సాయంత్రం గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. పడవ వెళ్ళిపోయింది. ఇంజను చప్పుడు కూడా అణగిపోయింది. అటక మీద కూర్చున్న నాకు పెంకుల సందులోంచి బయట ఉన్న ఆయన చెయ్యి, లోపల ఆయన కాళ్ళు కనిపిస్తున్నాయి. చేతిలో వెలుగు నిప్పుకణికంత అయి, అదీ పోయింది. చెయ్యి మాత్రం అటూ ఇటూ ఊగుతూనే ఉంది. మునివేళ్ళ మీద నిక్కి నిలబడ్డారు. ఆ మడమలు చాలాసేపు కిందికి దిగలేదు.